ఐ7 స్టిక్కర్ సరే, లోపల ఏ తరం?

పాత డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఏది కొనాలి, ఏది మార్చాలి, ఏది అలాగే ఉంచెయ్యాలి అంటూ వచ్చిన ప్రశ్నల్లో కొన్నింటికి ఈసారి జవాబులు. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం.

ప్రశ్న: డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. పైథాన్ ప్రాక్టీసు, ఎక్సెల్, ఆన్‌లైన్ క్లాసులు, అంతే నా వాడకం. సెకండ్స్ షాపులో రెండు సిస్టమ్‌లు చూపించారు. ఒకటి ఐ7-2600, రెండోది ఐ5-6500. రెండింటికీ ర్యామ్ 8 జీబీ, ధర దాదాపు ఒకటే. ‘ఐ7 వస్తుంటే ఐ5 ఎందుకమ్మా’ అంటున్నారు షాపాయన. నిజమేనా?
– ఒక విద్యార్థిని, కాకినాడ

జవాబు: ఐ5-6500 తీసుకోండి. ఇంటెల్ ప్రాసెసర్లలో ఐ3, ఐ5, ఐ7 అన్నవి ఒకే తరంలో ఉన్న మెట్లు మాత్రమే. తరం మారితే ఆ మెట్ల ఎత్తు కూడా మారిపోతుంది. పేరులో గీత తర్వాత వచ్చే నాలుగంకెల్లో మొదటిది తరం. 2600 అంటే రెండో తరం, 2011 నాటిది. 6500 అంటే ఆరో తరం, 2015 నాటిది. అయిదంకెలుంటే మొదటి రెండూ తరం: ఐ5-10400 పదో తరం. మూడే అంకెలుంటే, ఉదాహరణకు ఐ5-650, అది మొట్టమొదటి తరం. పైగా దానిలో ఉన్నవి రెండే కోర్‌లు (చిప్‌లో లెక్కలు చేసే భాగాలు). దాని జోలికి వెళ్లొద్దు.

కాగితం మీద చూస్తే మీ షాపాయన మాటే నెగ్గుతుంది. ఐ7-2600లో 4 కోర్‌లు, 8 థ్రెడ్‌లు, 3.4 నుంచి 3.8 గిగాహెర్ట్జ్. ఐ5-6500లో 4 కోర్‌లు, 4 థ్రెడ్‌లే, 3.2 నుంచి 3.6. కానీ ఒకే గిగాహెర్ట్జ్ దగ్గర పెట్టి చూస్తే ఆరో తరం కోర్ రెండో తరం కోర్ కంటే సుమారు పాతిక శాతం ఎక్కువ పని చేస్తుంది. ఇక 8 థ్రెడ్‌లంటే ఎనిమిది కోర్‌లు కావు. ఒకే వంటమనిషికి రెండు పొయ్యిలిచ్చినట్టు. ఒక పొయ్యి మీద ఎసరు మరిగేలోపు రెండో పొయ్యి చూసుకుంటాడు, చేతులు మాత్రం రెండే. వీడియో కన్వర్షన్, పెద్ద ఫైళ్లను జిప్ చేయడం లాంటి పనుల్లో ఆ రెండో పొయ్యి అక్కరకొస్తుంది. అక్కడ ఈ రెండు చిప్‌లూ దాదాపు సమానంగా నిలుస్తాయి. బ్రౌజర్, ఎక్సెల్, మీ పైథాన్ ప్రోగ్రాములు ఎక్కువగా ఒక్కో కోర్ వేగం మీదే నడుస్తాయి కాబట్టి అక్కడ ఐ5-6500దే పైచేయి.

ఇంకో రెండు తేడాలున్నాయి. ఐ7-2600లోని గ్రాఫిక్స్ హెచ్‌డీ 2000. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా పంపే వీపీ9 (వీడియోను కుదించే ఒక పద్ధతి) వీడియోను అది సొంతంగా విప్పలేదు, ఆ భారమంతా కోర్‌ల మీద పడుతుంది. క్లాసు వింటూ పక్కన కోడ్ రన్ చేస్తే ఫ్యాన్ గోల మొదలవుతుంది. ఐ5-6500లోని హెచ్‌డీ 530 కొంత నయం. వీపీ9ను పూర్తిగా తనే చూసుకోవడం మాత్రం ఏడో తరం నుంచే. ఇక రెండోది కరెంటు: 2600కు 95 వాట్లు, 6500కు 65.

డబ్బిచ్చే ముందు ఒకటి చూడండి. ఆరో తరం బోర్డుల్లో పాత రకం డీడీఆర్3 ర్యామ్ వేసుకునేవీ ఉన్నాయి, కొత్త రకం డీడీఆర్4వీ ఉన్నాయి. డీడీఆర్4 ఉన్నదైతే రేపు ర్యామ్ పెంచుకోవడం సులువు.

ప్రశ్న: జిరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. జీ31 బోర్డు, పెంటియం ఈ5300, 2 జీబీ డీడీఆర్2 ర్యామ్. అను స్క్రిప్ట్ మేనేజర్, పేజ్‌మేకర్ 7 మీదే పని. ‘775 సాకెట్‌కు మార్చిన జియాన్ ఈ5450’ అని నెట్‌లో చవగ్గా అమ్ముతున్నారు. వేసుకుంటే స్పీడ్ పెరుగుతుందా?
– డీటీపీ షాపు యజమాని, వరంగల్

జవాబు: వేసుకోవచ్చు గానీ వేసుకోకండి. ఈ5450 మంచి చిప్పే. 4 కోర్‌లు, 3 గిగాహెర్ట్జ్, 12 ఎంబీ క్యాష్ (చిప్‌లోనే ఉండే చిన్న మెమరీ). అయితే అది 771 సాకెట్ (బోర్డు మీద చిప్ కూర్చునే గూడు) సర్వర్ చిప్. 775లో కూర్చోబెట్టాలంటే రెండు కాంటాక్టులను తారుమారు చేసే చిన్న స్టిక్కర్ అంటించాలి. సాకెట్‌లో ప్లాస్టిక్ నొక్కులు కోయాలి, లేదా చిప్ అంచుకే గాట్లు పెట్టాలి. బయోస్‌లో, అంటే బోర్డును స్టార్ట్ చేసే ప్రోగ్రాములో, ఆ చిప్‌ను నడిపే మైక్రోకోడ్ లేకపోతే అసలు స్క్రీనే రాకపోవచ్చు. ఇంత తంటా పడ్డాక పేజ్‌మేకర్‌కు దక్కేదేమిటి? అది 2001 నాటి సాఫ్ట్‌వేర్, ఒక్క కోర్ మీదే నడుస్తుంది. మీ ఈ5300 వేగం 2.6, కొత్తది 3.0. అంటే 15 శాతం, పెద్ద క్యాష్ వల్ల ఇంకాస్త. మిగతా మూడు కోర్‌లూ చేతులు కట్టుకుని కూర్చుంటాయి.

మీ షాపులో నిదానం వస్తున్నది ప్రాసెసర్ దగ్గర కాదు. 2 జీబీ ర్యామ్‌లో విండోస్, బ్రౌజర్, వాట్సాప్ వెబ్, పేజ్‌మేకర్ అన్నీ తెరిచేసరికి సిస్టమ్ హార్డ్‌డిస్కునే ర్యామ్‌లా వాడుకోవడం మొదలుపెడుతుంది. కస్టమర్ కౌంటరు దగ్గర నిలబడి ఉంటే హార్డ్‌డిస్కు లైటు ఆరకుండా వెలుగుతూ ఉంటుంది చూడండి, అదే సంగతి. జీ31 బోర్డు 4 జీబీకి మించి తీసుకోదు కాబట్టి 2 జీబీవి రెండు పుల్లలు వేసి దాన్ని నింపండి. ఒక 240 జీబీ సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్కు స్థానంలో వాడే వేగమైన డిస్కు) పెట్టండి. రేపు సిస్టమ్ మార్చినా ఎస్‌ఎస్‌డీ మీతోనే వస్తుంది, ఈ5450 రాదు. డబ్బుకు విలువ అంటే అక్కడ.

కరెంటు బిల్లు తగ్గుతుందని కొత్త సిస్టమ్ కొనమనేవాళ్లుంటారు. లెక్క చూద్దాం. మూడో తరం సిస్టమ్ మీదానికంటే 30 వాట్లు తక్కువ తాగుతుందనుకుందాం. రోజుకు 10 గంటలు, ఏడాదికి 300 రోజులు: 90 యూనిట్లు. షాపు మీటరు కాబట్టి యూనిట్ 10 రూపాయలు వేసుకున్నా 900 రూపాయలు. దానికోసమే మార్చనక్కర్లేదు. ఎప్పుడు మార్చినా, మీ ప్రింటర్ పాత పారలల్ పోర్ట్‌దైతే కొత్త బోర్డు మీద ఆ పోర్ట్ ఉందో లేదో ముందే చూసుకోండి.

ప్రశ్న: హెచ్61 బోర్డు, ఐ3-2100, 4 జీబీ ర్యామ్ ఒకటే పుల్ల, 500 జీబీ హార్డ్‌డిస్కు. పాఠాలు రికార్డు చేసి ఎడిట్ చేస్తుంటాను. ఐ5-3470 వేయించాలా, ఐ7-3770 వేయించాలా? నేనే మార్చుకోగలనా?
– ప్రైవేటు స్కూలు టీచరు, నిజామాబాద్

జవాబు: మీకు ఐ7-3770 సరిపోతుంది, కాకపోతే అది మూడో ఖర్చు. మొదటిది ఎస్‌ఎస్‌డీ. హెచ్61లోని సాటా పోర్టులన్నీ పాత 3 గిగాబిట్ల రకం కాబట్టి సెకనుకు 270 ఎంబీ దాటదు, అయినా హార్డ్‌డిస్కుతో పోలిస్తే భూమ్యాకాశాల తేడా. రెండోది ర్యామ్. ఒక్క పుల్ల ఉంటే డేటా వెళ్లే దారి సగమే తెరిచినట్టు. అదే వేగం ఉన్న ఇంకో పుల్ల రెండో స్లాట్‌లో వేయండి. పాఠాల ఎడిటింగ్‌కు 4, 4 బొటాబొటి, 8, 8 వేస్తే హాయి. ఆ బోర్డు గరిష్ఠం కూడా 16 జీబీయే.

మీది 2 కోర్‌లు, 4 థ్రెడ్‌ల చిప్. ఐ5-3470కి 4 కోర్‌లు, 4 థ్రెడ్‌లు. ఐ7-3770కి 4 కోర్‌లు, 8 థ్రెడ్‌లు. రెండూ 2012 నాటివి, రెండూ 77 వాట్లే. వీడియో ఎక్స్‌పోర్ట్‌లో ఐ7 సుమారు మూడో వంతు ముందుంటుంది. ఎడిటింగ్ లేకపోతే ఐ5 చాలనేవాళ్లం. రెండింటి మధ్య తేడా డబ్బుతో ఎస్‌ఎస్‌డీ వచ్చేట్టుంటే, ఎస్‌ఎస్‌డీ లేని ఐ7 కంటే ఎస్‌ఎస్‌డీ ఉన్న ఐ5 మేలు.

మీరే మార్చుకోవచ్చు. తొందర ఒక్కటే పనికిరాదు. ఎక్కువమంది బోల్తాపడేది బయోస్ దగ్గర. హెచ్61 పుట్టింది రెండో తరం కోసం. మూడో తరం చిప్‌ను గుర్తుపట్టాలంటే బయోస్ కొత్తది కావాలి, దాన్ని ఎక్కించేటప్పుడు పాత ఐ3 సాకెట్‌లోనే ఉండాలి. ముందే పీకేసి ఐ7 పెట్టేస్తే ఫ్యాన్ తిరుగుతుంది, స్క్రీన్ నల్లగా ఉంటుంది. ‘చిప్ పాడైంది’ అని తిరిగి ఇచ్చేసేవాళ్లలో చాలామందిది ఈ కథే. బోర్డు మోడల్, రివిజన్ నంబరు స్లాట్ల మధ్య అచ్చేసి ఉంటాయి. తయారీదారు సైట్‌లో ఆ రివిజన్‌కే చెందిన ఫైలు తీసుకుని, ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్ పెన్‌డ్రైవ్‌లో వేసి, యూపీఎస్ మీద ఉంచి అప్‌డేట్ చేయండి. కొన్ని బోర్డులు మధ్యలో ఇంకో వెర్షన్ ఎక్కించాకే చివరిది తీసుకుంటాయి, ఆ పేజీలోనే రాసి ఉంటుంది. మధ్యలో కరెంటు పోతే బోర్డు పోయినట్టే.

బ్రాండెడ్ ఆఫీసు సిస్టమ్‌లు వాడేవాళ్లకు ఒక మాట. క్యూ65, క్యూ67, బీ65 చిప్‌సెట్‌లున్న (చిప్‌సెట్ అంటే బోర్డును నడిపే చిప్) బోర్డులకు మూడో తరం చిప్‌లు అధికారికంగా పనికిరావు. డెల్ ఆప్టిప్లెక్స్ 790, 990 ఆ కోవలోవే. క్యూ77 ఉన్న 7010లో అయితే బేషుగ్గా నడుస్తాయి.

ఇక విప్పడం. సిస్టమ్‌ను ఓ అయిదు నిమిషాలు నడిపి ఆపండి, చిప్‌కూ కూలర్‌కూ మధ్య ఉన్న పేస్ట్ మెత్తబడుతుంది. ప్లగ్ తీసేయండి. కూలర్ నాలుగు మూలల్లో ఉన్న నల్లటి పిన్నులను వాటి మీద బాణం చూపినవైపు పావు చుట్టు తిప్పి పైకి లాగండి. సాకెట్ లివర్ ఎత్తి పాత చిప్ తీశాక, ఆ బంగారు రంగు తీగలకు వేలు గాని గుడ్డ గాని తగలనివ్వకండి. ఒక్క తీగ వంగినా ర్యామ్ స్లాట్ ఒకటి చచ్చిపోవచ్చు. కొత్త చిప్ అంచున రెండు గాట్లుంటాయి. అవి సాకెట్ నొక్కులకు సరిపోయేలా నిలువుగా దించండి, నొక్కే పనే ఉండదు. పేస్ట్ కందిగింజంత, మధ్యలో. వేలితో పూయక్కర్లేదు. కూలర్ పెట్టే ముందు పిన్నులను బాణానికి ఎదురువైపు తిప్పి యథాస్థానానికి తెచ్చి, ఎదురెదురు మూలలవి ఒకదాని తర్వాత ఒకటి టక్‌మనేదాకా నొక్కండి. బోర్డు వెనకనుంచి చూస్తే నాలుగు తెల్ల కాళ్లూ విచ్చుకుని కనిపించాలి. ఒక్కటి సరిగా దిగకపోయినా కూలర్ ఓ పక్క లేచి ఉంటుంది, ఎక్స్‌పోర్ట్ మొదలైన నిమిషంలో వేడి 90 డిగ్రీలు దాటుతుంది, చిప్ తనకు తానే వేగం తగ్గించేసుకుంటుంది.

ఐ3తో వచ్చే పొట్టి అల్యూమినియం కూలర్ ఐ7కు చాలదు. మధ్యలో రాగి దిమ్మ ఉన్న 95 వాట్ల కూలర్ అడిగి తీసుకోండి.

ప్రశ్న: ఐ5-3470 అని కొన్నాను. టాస్క్ మేనేజర్‌లో 2 కోర్‌లే చూపిస్తోంది. మోసపోయానా?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: చివర్లో ‘టీ’ అక్షరం ఉందేమో చూడండి. ఐ5-3470టీ అన్నది 35 వాట్ల చిప్, కోర్‌లు రెండే. ఐ5-4570టీ కూడా అంతే. చిన్న డబ్బాల్లాంటి ఆఫీసు సిస్టమ్‌లలో ఉంటాయి. పనికి ఐ3 లాంటివి, పేరు మాత్రం ఐ5. పైన పటారం, లోన లొటారం. అన్ని టీలూ అలాంటివి కావు: ఐ5-6500టీలో 4 కోర్‌లున్నాయి, వేగం మాత్రం 2.5 నుంచే మొదలు. ‘ఎస్’ ఉంటే కోర్‌లు నాలుగే, వాట్లు తక్కువ. ‘ఎఫ్’ ఉంటే గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా స్క్రీన్ రాదు. బిల్లు మీద ‘టీ’ రాయకుండా ఇస్తే మార్చి ఇమ్మని గట్టిగా అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: తెలిసినవాళ్లు ఏఎండీ ఎఫ్‌ఎక్స్-8350ను 760జీ బోర్డుతో ఇస్తామంటున్నారు. 8 కోర్‌లు, 4 గిగాహెర్ట్జ్. అదే ధరకు ఐ5-3470 సిస్టమ్ కూడా వస్తోంది. గేమ్స్ ఆడాలి.
– ఇంటర్ విద్యార్థి, గుంటూరు

జవాబు: గేమ్స్‌కైతే ఐ5. ఎఫ్‌ఎక్స్-8350లో ఉన్నవి నాలుగు మాడ్యూళ్లు. ఒక్కో మాడ్యూల్‌లో రెండు కోర్‌లు, కానీ దశాంశ లెక్కలు చేసే యూనిట్ ఇద్దరికీ ఒకటే. ‘వీటిని 8 కోర్‌లనడం సరికాదు’ అని అమెరికాలో కొనుగోలుదారులు కోర్టుకెక్కితే, 2019లో ఏఎండీ 1.21 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. వీడియో ఎన్‌కోడింగ్‌లో ఈ చిప్ ఐ5-3470ని దాటేస్తుంది, అది ఒప్పుకోవాలి. ఒక్కో కోర్ బలం మీద నడిచే గేముల్లో మాత్రం బాగా వెనకపడుతుంది.

అసలు చిక్కు ఆ బోర్డు. చిప్ 125 వాట్లది. చవక 760జీ బోర్డుల్లో సాకెట్ పక్కన కరెంటు సరఫరా చేసే భాగాలకు హీట్‌సింక్ కూడా ఉండదు. అరగంట ఆడేసరికి అవి మసిలిపోయి వేగం ఒక్కసారిగా పడిపోతుంది. చిప్ వేడి మామూలుగానే చూపిస్తుంటుంది, గేమ్ మాత్రం కుంటుతుంటుంది. ఊరికే ఇస్తే తీసుకోండి. తీసుకుంటే కూలర్ విప్పేటప్పుడు నిటారుగా లాగకండి. ఏఎండీ పాత చిప్‌లకు పిన్నులు చిప్ కిందే ఉంటాయి, గట్టిపడిన పేస్ట్‌తో పాటు చిప్ కూడా ఊడి వచ్చేస్తుంది. అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే ఎత్తాలి.

ఐ5 సిస్టమ్ తీసుకుని అందులో జీటీ 1030 కార్డు వేయాలనుకుంటే, జీడీడీఆర్5 రకమే అడగండి. అదే పేరుతో అమ్మే డీడీఆర్4 రకానికి మెమరీ వేగం దాదాపు మూడో వంతే.

ప్రశ్న: విండోస్ 10 అయిపోయిందంటున్నారు. ఐ7-7700 కొనాలా, ఐ3-8100 కొనాలా? పాత ఐ7 ధర ఇంకా ఎందుకు దిగట్లేదు?
– అకౌంటెంట్, హైదరాబాద్

జవాబు: బలం చూస్తే ఐ7-7700. 4 కోర్‌లు, 8 థ్రెడ్‌లు, 4.2 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. ఐ3-8100కు 4 కోర్‌లు, 4 థ్రెడ్‌లు, 3.6 దగ్గరే ఆగుతుంది. కానీ విండోస్ 10కు మామూలు అప్‌డేట్లు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయాయి, విండోస్ 11 అధికారిక జాబితాలో ఐ7-7700 లేదు, ఐ3-8100 ఉంది. క్లయింట్ల లెక్కలు, బ్యాంకు లాగిన్‌లు ఉండే సిస్టమ్ కాబట్టి ఐ3-8100 వైపే మొగ్గుతాం. ట్యాలీ లాంటి పనికి దాని బలం ధారాళంగా సరిపోతుంది.

ధర దిగకపోవడానికి కారణం ఉంది. ఆరు, ఏడు తరాల బోర్డున్నవాడికి ఎక్కడానికి పై మెట్టు ఐ7-7700, 7700కేలే. ఎనిమిదో తరం చిప్ కూడా 1151 సాకెట్టే, చూడ్డానికి పట్టేస్తుంది, పనిచేయదు. దానికి 300 సిరీస్ బోర్డు కావాలి. అలా దారి మూసుకుపోయినవాళ్లందరూ అదే చిప్ కోసం వెతుకుతారు. ఐ7-3770, ఐ7-4790ల ధర నిలబడేది కూడా ఇందుకే. చేతిలో ఆ బోర్డు ఉన్నవాడికే ఆ ధర గిట్టుతుంది. మొత్తం సిస్టమ్ కొనేవాడు ఐ3-10100 ధర కూడా అడగాలి. 2020లో వచ్చిన ఆ ఐ3లో 4 కోర్‌లు, 8 థ్రెడ్‌లు, 4.3 గిగాహెర్ట్జ్. క్యాష్ 8కి బదులు 6 ఎంబీ అన్నది తప్ప అది ఐ7-7700కు తోబుట్టువే, పైగా విండోస్ 11 జాబితాలో ఉంది.

‘ఏదో ట్రిక్కుతో 11 ఎక్కించేస్తాం’ అనే షాపులున్నాయి. కోర్ 2 డ్యుయో, కోర్ 2 క్వాడ్‌ల మీద ఆ ట్రిక్కు కూడా ఇప్పుడు సాగదు. 24హెచ్2 వెర్షన్ నుంచి ఎస్‌ఎస్‌ఈ4.2 ఆదేశాలు లేని చిప్ మీద విండోస్ 11 బూటే కాదు.

ప్రశ్న: 8 కోర్‌ల జియాన్ ఈ5-2670, కొత్త ఎక్స్79 బోర్డు కాంబో ఆన్‌లైన్‌లో చాలా చవక. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఇంట్లో వాడకానికి వద్దు. చిప్ 2012 నాటిది, 115 వాట్లు, 3.3 గిగాహెర్ట్జ్ దాటదు, గ్రాఫిక్స్ లేదు. బోర్డు మీద పేరు ఎక్స్79 అని ఉన్నా పాత బోర్డుల నుంచి పీకిన వేరే చిప్‌సెట్ అతికించినవి ఎక్కువ. స్లీప్‌లోంచి లేవకపోవడం, బయోస్ అప్‌డేట్ దొరక్కపోవడం మామూలే. రోజంతా రెండరింగ్ పెట్టేవాళ్లకు లెక్క వేరు.

ప్రశ్న: షాపులో పావుగంటలో ఏమేం చూసుకోవాలి?
– పలువురు పాఠకులు

జవాబు: మూత తీయించండి. సాకెట్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి, ఉబ్బి ఉంటే బేరం అక్కడితో ఆపండి. ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు ఇచ్చే డబ్బా) పేరులేనిదైతే దాని మార్పు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. బ్రాండెడ్ సిస్టమ్ అయితే బోర్డుకు వెళ్లే పెద్ద కనెక్టర్ చూడండి: డెల్ ఆప్టిప్లెక్స్ 7010కి మామూలు 24 పిన్నులు, 9020కి ప్రత్యేకమైన 8 పిన్నులు. రెండోదానికి బయట ఎస్‌ఎంపీఎస్ నేరుగా పట్టదు.

సిస్టమ్ ఆన్ చేయించి, చిప్ వివరాలు చూపే సీపీయూ-జెడ్ ప్రోగ్రాము నడపండి, పెన్‌డ్రైవ్‌లో మీరే తీసుకెళ్లండి. మొదటి ట్యాబ్‌లో చిప్ పూర్తి పేరు, చివరి అక్షరంతో సహా చదవండి. మెమరీ ట్యాబ్‌లో సింగిలా, డ్యూయలా చూడండి. తర్వాత దాని బెంచ్ ట్యాబ్‌లో స్ట్రెస్ బటన్ నొక్కి పది నిమిషాలు వదిలేసి, వేరే టూల్‌లో వేడి గమనించండి. 85 లోపు ఉంటే సరే. ఎండాకాలం అయితే ఇంకో మూడు నాలుగు డిగ్రీలు చూసీచూడనట్టు వదిలేయొచ్చు.

చివరగా షట్‌డౌన్ చేసి, ప్లగ్ తీయించి, రెండు నిమిషాలాగి మళ్లీ పెట్టించండి. తేదీ వెనక్కి పోతే బోర్డు మీది సీఆర్2032 బటన్ సెల్ అయిపోయినట్టు. చిన్న ఖర్చే, కానీ తేదీ తప్పుగా ఉంటే బ్యాంకు సైట్లు తెరుచుకోవు. అక్కడే మార్పించుకుని తెచ్చుకోండి.